జగ్గు మూత, పసివాడి టోపీ, ఊలు మామిడాకులు

మా అమ్మ నలభై ఏళ్ళు కొక్కెం సూదితో లేసు (క్రోషే) అల్లింది. అది ఏయే దేశాలు వెళ్ళిందో ఆవిడకి తెలీదు. మా ఇంట్లో మిగిలింది మాత్రం ఒక్కటే ముక్క, మంచినీళ్ళ జగ్గు మీద వేసే పూసల మూత. వెనక్కి తిప్పితే దాన్నిండా ముడులే. లెక్కపెట్టాను, పదిహేడు.

మాది నరసాపురం దగ్గర పల్లె. స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనరీలు 19వ శతాబ్దంలో మా వైపు ఆడవాళ్ళకి ఈ పని నేర్పారు. ఇప్పటికీ మధ్యాహ్నం వంటలయ్యాక అరుగుల మీద సూదులు ఆడుతూనే ఉంటాయి. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అమ్మ రోజుల్లో ఏజెంటు దారం తూచి ఇచ్చేవాడు, అల్లాక లేసు తూచి తీసుకునేవాడు. తూకం తగ్గితే కూలిలో కోసేవాడు. అందుకని ఇంటి కోసం ఒక్క దిండు గలీబుకి కూడా అంచు వేసుకోలేదావిడ. ఆ మూత మాత్రం, కండె కండెకీ చివర్న మిగిలే బారెడేసి ముక్కల్ని ఏడాది పాటు పౌడరు డబ్బాలో దాచి, ముడులేసి అల్లింది.

నేను బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాక సూది పట్టాను. కూలికి అల్లను, అమ్ముకోను. ఇంటివాళ్ళకీ, ఇష్టమైనవాళ్ళకీ మాత్రమే. మొన్న మా మేనకోడలు, "అత్తా, వీడియోకాల్లో చెప్తే సగమే బుర్రకెక్కుతోంది, రాసి పంపు" అంది. దానికి రాసిందే ఇది. మీకూ పనికొచ్చేలా కాస్త సర్దాను.

ముందు సూదీ దారం

దారం ఉండ మీద నంబరు ఉంటుంది. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. 40 నంబరు అమ్మలాంటి చేతులకి, మనకి కాదు. నేర్చుకునేవాళ్ళు 10 నంబరు నూలు దారంతో మొదలుపెట్టండి. దానికి 1.75 మిల్లీమీటర్ల స్టీలు సూది సరిపోతుంది. 20 నంబరుకి 1.25 గానీ 1.5 గానీ, 40కి 1. టోపీలకీ తోరణాలకీ వాడే నాలుగు పోగుల ఊలుకైతే 3.5 మిల్లీమీటర్ల అల్యూమినియం సూది తీసుకోండి. కొట్లో "లేసు సూది" అనడిగితే సన్నవి, "ఊలు సూది, కొక్కెం ఉన్నది" అంటే లావువి ఇస్తారు. కొక్కెం మాట మర్చిపోతే స్వెట్టర్లు అల్లే రెండు పొడుగు సూదులు చేతిలో పెడతారు, నాకు జరిగింది.

తెల్ల దారంతో రాత్రిపూట నేర్చుకోకండి. లేత పసుపు గానీ గులాబీ గానీ తీసుకుంటే కుట్లు కంటికి ఆనతాయి. నల్ల దారమైతే నేను పగలు కూడా ముట్టుకోను. ఉండ ఇల్లంతా దొర్లకుండా ఒక స్టీలు చెంబులో వేసుకుని కూర్చోండి. వేసవిలో చేతికి చెమట పట్టి దారం వేలి మీద జారదు, కాస్త టాల్కం పౌడరు రాసుకుంటే సరి.

దారాన్ని ఎడమ చిటికెన వేలికి ఒక చుట్టు చుట్టి, చూపుడు వేలి మీదుగా తెచ్చుకోవాలి. బిగువంతా ఆ వేళ్ళలోనే ఉంటుంది. సూదిని పెన్నులా పట్టుకున్నా, చాకులా పట్టుకున్నా ఏమీ కాదు.

ఇక్కడ మనకి కావలసిన కుట్లు ఐదే. సూది మీదున్న ఉచ్చులోంచి దారాన్ని లాగితే చైను. ముందు వరస కుట్టులో సూది గుచ్చి దారం లాగితే సూది మీద రెండు ఉచ్చులవుతాయి, మళ్ళీ దారం తీసుకుని రెండింటిలోంచీ ఒకేసారి లాగితే సింగిల్. సూది మీద ముందే ఒక చుట్టు వేసుకుని గుచ్చి లాగితే మూడు ఉచ్చులు. వాటిని రెండేసి చొప్పున రెండుసార్లు లాగితే డబుల్. ఆ మూడు ఉచ్చుల్నీ ఒకేసారి లాగేస్తే అది హాఫ్ డబుల్, ఆకులకి పనికొస్తుంది. గుండ్రంగా అల్లేటప్పుడు వరస చివర మొదటి కుట్టులో గుచ్చి, దారాన్ని అన్నిట్లోంచీ ఒక్క లాగులో తెచ్చేస్తే స్లిప్ కుట్టు. అది కలపడానికే.

వీడియోలు చూసి నేర్చుకునేవాళ్ళకి ఒక తిరకాసు ఉంది. అమెరికావాళ్ళు సింగిల్ అనేదాన్ని బ్రిటన్‌వాళ్ళు డబుల్ అంటారు, అమెరికా డబుల్ వాళ్ళకి ట్రెబుల్. మా మేనకోడలు బ్రిటన్ వీడియో చూసి, ట్రెబుల్ అనగానే సూదికి రెండు చుట్లు చుట్టుకుంటూ పోయింది. టోపీ అల్లబోతే పూలసజ్జ అయింది. నేను రాసేవన్నీ అమెరికా లెక్క.

మొదటిరోజు ఏ వస్తువూ మొదలెట్టకండి. 23 చైన్లు వేసి, నాలుగో చైను నుంచి డబుళ్ళు అల్లుకుంటూ రండి. వదిలేసిన మూడు చైన్లు ఒక డబుల్‌గా లెక్క, మొత్తం 21. ఎనిమిది వరసలు వేశాక మళ్ళీ లెక్కపెట్టండి. 18 ఉంటే అంచు కుట్లు వదిలేస్తున్నట్టు. వరస చివర్న ఆ మూడు చైన్ల నెత్తి మీద కూడా ఒక డబుల్ పడాలి. అందరూ తప్పేది అక్కడే. లెక్క నిలబడేదాకా విప్పండి, అల్లండి. విప్పడానికి వెనకాడకండి.

జగ్గు మూత

మొదటి వస్తువుగా దీన్నే ఎందుకు చెప్తానంటే, ఇది ఎవరికిచ్చినా వాడతారు. ఈగ వాలదు, దుమ్ము పడదు, మూత తీసేటప్పుడు చప్పుడుండదు. 20 గ్రాముల ఉండలో సగం కూడా పట్టదు. నాలుగంగుళాల లోపు మూతి ఉన్న జగ్గుకి సరిపోతుంది.

పూసలు 30 కావాలి. గాజువి తీసుకోండి. ప్లాస్టిక్ పూసలు వేసి మా వదినకి ఒకటి ఇచ్చాను, ఫ్యాను వేయగానే లేచి సాంబారు గిన్నెలో పడిందట. కొనేటప్పుడు దారం ముక్క వెంట తీసుకెళ్ళి ఒక పూసలో దూర్చి చూడండి. కొసకి ఫెవికాల్ రాసి ఆరబెడితే సూదిలా గట్టిపడి సులువుగా దూరుతుంది.

ఆరు చైన్లు వేసి, స్లిప్ కుట్టుతో కలిపి రింగు చేయండి.

1వ వరస: మూడు చైన్లు (ఇది ఒక డబుల్ కింద లెక్క), రింగులోకి ఇంకో 11 డబుళ్ళు. మొత్తం 12. స్లిప్‌తో కలపండి. ఇక్కణ్ణుంచి ఐదో వరస దాకా ప్రతి వరసా మూడు చైన్లతో మొదలై స్లిప్‌తో ముగుస్తుంది.

2వ వరస: ప్రతి కుట్టులో రెండేసి డబుళ్ళు. 24.

3వ వరస: ఒక కుట్టులో ఒకటి, పక్క కుట్టులో రెండు. 36.

4వ వరస: రెండు కుట్లలో ఒక్కొక్కటి, మూడోదాన్లో రెండు. 48.

5వ వరస: మూడు కుట్లలో ఒక్కొక్కటి, నాలుగోదాన్లో రెండు. 60.

అంటే వరసకి పన్నెండు పెరుగుతున్నాయి. డబుళ్ళతో వృత్తం చదునుగా రావాలంటే ఈ పన్నెండే లెక్క. తక్కువ పెంచితే గిన్నెలా లేస్తుంది, ఎక్కువ పెంచితే అంచు అప్పడంలా అలలు తిరుగుతుంది. సింగిళ్ళతో అల్లితే వరసకి ఆరు చాలు. ఈ ఒక్కటి తెలిస్తే గ్లాసు కింద పెట్టే బిళ్ళ నుంచి గుండ్రటి టేబుల్ గుడ్డ దాకా ఎవర్నీ అడగక్కర్లేదు.

ఇక్కణ్ణుంచి వల.

6వ వరస: ఒక చైను వేసి, కింద కుట్టులోనే ఒక సింగిల్. తర్వాత ఐదు చైన్లు, ఒక కుట్టు వదిలి పక్కదాన్లో సింగిల్. అలాగే చుట్టూ. ఐదు చైన్ల వంపు ఒక్కోటీ ఒక కన్ను. మొత్తం 30 కన్నులు రావాలి. చివరి కన్ను దగ్గర మాత్రం ఐదు చైన్లు వేయొద్దు. రెండు చైన్లు వేసి, ఆ వరస మొదటి సింగిల్ మీద ఒక డబుల్ అల్లండి. ఆ డబుల్ మూడు చైన్ల ఎత్తుకి సరిపోతుంది, మన సూది కన్ను నడినెత్తిన నిలబడుతుంది, పై వరస అక్కణ్ణుంచే మొదలవుతుంది. ఇది తెలీక నేను మొదట్లో ప్రతి వరసా స్లిప్‌తో కలిపేసేదాన్ని. దాంతో సూది కన్ను కాళ్ళ దగ్గరే ఉండిపోయి వల ఒక పక్కకి ఈడ్చుకుపోయేది. అమ్మ మూతని భూతద్దం పెట్టి చూసి పట్టుకున్నాను.

7వ వరస: ఒక చైను, ఇప్పుడు వేసిన డబుల్ చుట్టూ ఒక సింగిల్. ఐదు చైన్లు, పక్క కన్నులో సింగిల్, అలాగే చుట్టూ. చివరికి మళ్ళీ రెండు చైన్లు, డబుల్.

8, 9 వరసలు: అంతే గానీ కన్నుకి ఆరు చైన్లు. చివర్న మూడు చైన్లు, డబుల్.

10, 11 వరసలు: కన్నుకి ఏడు. చివర్న నాలుగు చైన్లు, డబుల్. దారం తెంచి ముడేయండి.

తెంచడం ఎందుకంటే పూసల కోసం. పూసలన్నీ మొదట్లోనే దారానికి ఎక్కిస్తే పదకొండు వరసలూ వాటిని వెనక్కి నెట్టుకుంటూ కూర్చోవాలి. దారం తెంచాక 30 పూసలూ ఉండ కొసకి ఎక్కించి, ఏదో ఒక కన్నులో సింగిల్‌తో అతికించండి. నాలుగు చైన్లు, ఒక పూసని సూది దాకా జరపండి, దాని వెనకాలే చైను బిగించండి, ఇంకో మూడు చైన్లు, పక్క కన్నులో సింగిల్. ముప్ఫై కన్నులకీ ముప్ఫై పూసలు. చివరి సింగిల్ మొదటి సింగిల్ మీద స్లిప్ అవుతుంది.

నా చేతికి ఆరంగుళాల పైచిలుకు వచ్చింది. మీ చెయ్యి బిగువైతే కాస్త చిన్నది అవుతుంది, అప్పుడు ఏడు చైన్ల వరస ఇంకోటి వేసుకోండి. దీనికి గంజి పెట్టకండి. గంజి పెడితే అట్టలా నిలబడుతుంది, జగ్గు చుట్టూ ఒదిగి పడదు. గంజి గ్లాసు బిళ్ళలకీ పళ్ళెం కింద గుడ్డలకీ మాత్రమే. పల్చటి అన్నం గంజిలో ముంచి పిండి, థర్మోకోల్ ముక్క మీద గుండుసూదులతో గుండ్రంగా లాగి ఆరబెట్టాలి.

కొసలు దాచడం దగ్గర బద్ధకం పనికిరాదు. మామూలు సూదికి ఎక్కించి డబుళ్ళ వెనక అంగుళం పొడుగున ఒకవైపు దూర్చి, మళ్ళీ వెనక్కి తిప్పి దూర్చి కత్తిరించండి. మా ఊళ్ళో ముక్కలు అల్లేవాళ్ళు వేరు, వాటిని కలిపి అతికేవాళ్ళు వేరు, దాన్ని అతుకుపని అంటారు. అతుకు కనబడితే సరుకు వెనక్కొచ్చేది. అమ్మ తన సొంత మూతకి మాత్రం ముడులు అలాగే వదిలేసింది, దాన్ని ఎవరూ తూచరు కదా.

పసివాడి టోపీ

ముందు కొలత. అప్పుడే పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత దాదాపు 35 సెంటీమీటర్లు, ఆర్నెల్లకి 43, ఏడాదికి 46. ఊలు సాగుతుంది కాబట్టి టోపీ చుట్టుకొలత రెండు సెంటీమీటర్లు తక్కువ ఉండాలి. దాన్ని 3.14తో భాగిస్తే నడినెత్తి బిళ్ళ ఎంత వెడల్పు రావాలో తేలుతుంది. పుట్టినవాడికి 33 పెట్టుకుంటే పదిన్నర సెంటీమీటర్లు, ఆర్నెల్లవాడికి 41 పెట్టుకుంటే 13.

బిళ్ళ అల్లడం మీకు వచ్చేసింది. జగ్గు మూతలోలాగే 12, 24, 36, 48 అని ఊలుతో పెంచుతూ వెళ్ళి, స్కేలు పెట్టి చూసి, కావలసిన వెడల్పు రాగానే పెంచడం ఆపేయండి. ఆ తర్వాత కుట్టుకి ఒక డబుల్ చొప్పున గుండ్రంగా అల్లుకుంటూ దిగడమే. నడినెత్తి నుంచి అంచుకి పుట్టినవాడికి 14 సెంటీమీటర్లు, ఆర్నెల్లవాడికి 17 చాలు. ఆఖర్న రెండు వరసలు సింగిళ్ళు వేస్తే అంచు ముడుచుకోకుండా ఉంటుంది.

పురిటికి వెళ్ళేవాళ్ళు ఎప్పుడూ ఆర్నెల్ల కొలతకే అల్లండి. పుట్టినవాడి కొలతకి అల్లిన టోపీ నెలకే బిగుతైపోతుంది, అందరూ అదే కొలతవి తెస్తారు కాబట్టి మీది పెట్టక ముందే చిన్నదవుతుంది. మా మనవడికి తొమ్మిది టోపీలొచ్చాయి, తలకి పట్టినవి మూడు.

మన ఎండలకి ఊలు వద్దు. మెత్తటి నూలు తీసుకోండి, డిసెంబరు జనవరి పిల్లలకైతే ఊలు సరే. నూలు ఊలంత సాగదు, రెండుకి బదులు ఒక సెంటీమీటరే తగ్గించండి. వెంట్రుకలు లేచే బొచ్చు ఊలు అస్సలు వద్దు, పసివాళ్ళ నోట్లోకి పోతుంది. పూసలు, గుండీలు, గడ్డం కింద కట్టే పొడుగు తాళ్ళు కూడా వద్దు. కన్నులున్న వల డిజైను పసిపిల్లల వేటికీ వేయకండి, చిన్న చిన్న వేళ్ళు అందులో చిక్కుకుంటాయి. పడుకోబెట్టేటప్పుడు టోపీ తీసేయమని తల్లికి చెప్పండి. అమ్మమ్మలు నన్ను తిట్టుకున్నా ఫర్వాలేదు.

ఊలు మామిడాకుల తోరణం

ఇది మా అమ్మాయి కోసం మొదలైంది. డల్లాస్‌లో ఉగాదికి మామిడాకులు ఎక్కణ్ణుంచి తెస్తుంది? కొట్లో దొరికే ప్లాస్టిక్ ఆకులు నాకు నచ్చవు. టోపీలు అల్లగా మిగిలిన ఊలంతా ఇక్కడ ఖర్చవుతుంది. ఆకుపచ్చ కూడా ఒకే రంగు అక్కర్లేదు. రెండు మూడు ఛాయలు కలిస్తే లేతాకు, ముదురాకు కలిసిన నిజం కొమ్మలా ఉంటుంది.

ఒక ఆకుకి 16 చైన్లు వేయండి. రెండో చైను నుంచి మొదలుపెట్టి ఒక సింగిల్, రెండు హాఫ్ డబుళ్ళు, తొమ్మిది డబుళ్ళు, రెండు హాఫ్ డబుళ్ళు, ఒక సింగిల్. మొత్తం 15. ఆకు కొన కోసం రెండు చైన్లు వేసి, అల్లికని తలకిందులు చేసి, అవే చైన్ల అవతలి అంచున సరిగ్గా అదే వరస మళ్ళీ అల్లండి. చివర్న స్లిప్‌తో కలిపి, తొడిమకి అరచేతి పొడుగు ఊలు వదిలి తెంచండి. ఆకు ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్లు వస్తుంది. చేయి తిరిగాక పావుగంటకి రెండు.

ఆకుల మధ్య బంతిపూలు. పసుపు గానీ నారింజ గానీ ఊలుని నాలుగు వేళ్ళ చుట్టూ వంద చుట్లు చుట్టి, వేళ్ళ మీంచి జాగ్రత్తగా జార్చి, నడుముకి మరో ముక్కతో గట్టిగా బిగించి కట్టండి. రెండు వైపులా ఉచ్చులు కత్తిరించి గుండ్రంగా కత్తెర పెట్టండి. ఎంత కత్తిరిస్తే అంత ఒత్తుగా కనిపిస్తుంది. ఇక్కడ చెయ్యి వెనకాడితే బంతిపువ్వు కాదు, చీపురు కుచ్చు అవుతుంది. ఈ పని పిల్లలకి అప్పజెప్పండి, కత్తెర తప్ప. మా మనవరాలు ఒక ఆదివారం పది పూలు చుట్టి, కూలి కింద పది జంతికలు వసూలు చేసింది.

మూడడుగుల గుమ్మానికి 11 ఆకులు, 10 పూలు సరిపోతాయి. మేకుకీ మేకుకీ మధ్య దూరం అడిగి తెలుసుకోండి, గుమ్మం వెడల్పు కాదు. ఊలు రెండు పేటలు కలిపి ఆ దూరానికి మించి నాలుగంగుళాలు చైను అల్లి, దాని మీదే వెనక్కి ఒక వరస సింగిళ్ళు వేస్తే తాడు సాగకుండా ఉంటుంది. రెండు కొసలా మేకుకి తగిలే ఉచ్చు. ముందు నడిమి ఆకు కట్టి, అక్కణ్ణుంచి రెండు వైపులకీ కట్టుకుంటూ వెళ్ళండి. ఒక చివర నుంచి మొదలుపెడితే రెండో చివర ఎప్పుడూ ఖాళీ మిగులుతుంది.

వీటిలో ఏదీ అల్లే తీరిక లేకపోతే జేబురుమాలు అంచుకి చుట్టూ సింగిళ్ళు వేసి, పైన మూడేసి చైన్ల కన్నులు వేసివ్వండి. రెండు సాయంత్రాల పని. సెల్‌ఫోన్ సంచులు, వాటర్ బాటిల్ తొడుగులు నేను అల్లి ఇచ్చాను గానీ ఎవరి చేతిలోనూ మళ్ళీ కనబడలేదు. టీవీ మీద పరిచే గుడ్డ సంగతైతే చెప్పనే అక్కర్లేదు. గోడకి అతుక్కున్న టీవీ మీద ఏం పరుస్తారు?

ఇచ్చేటప్పుడు ఉతకడం ఎలాగో చీటీ మీద రాసి పెట్టండి. చన్నీళ్ళు, కొంచెం షాంపూ, పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కడం, నీడలో పరిచి ఆరబెట్టడం. తీగ మీద వేలాడదీస్తే టోపీ సాగి సంచీ అవుతుంది. రంగు దారాలైతే ఇచ్చే ముందు మీరే ఒకసారి ఉప్పు నీళ్ళలో జాడించి, రంగు దిగుతుందేమో చూసుకోండి.

పార్సిల్లో జగ్గు మూతని పూసలు లోపలికి వచ్చేలా నాలుగు మడతలు పెట్టి, పాత నూలు గుడ్డలో చుట్టండి. రెండు పూసలు చిన్న కాగితంలో మడిచి అదనంగా వేయండి, ఎప్పుడో ఒకటి పగులుతుంది. అలాగే అదే దారం ఒక బారెడు.